జేబుకీ సైన్‌కీ చుట్టరికం

పదో తరగతి పిల్లవాడు సైన్, కాస్ విలువల పట్టిక వల్లె వేస్తుంటాడు. పక్క గదిలో నానమ్మ సైనస్ తలనొప్పికి ఆవిరి పట్టుకుంటుంది. కూరగాయలకు బయల్దేరిన నాన్న చిల్లర ఉందో లేదోనని చొక్కా జేబు తడుముకుంటాడు. తెలుగింట ఒకే సాయంత్రం వినిపించే ఈ మూడు మాటలకూ చుట్టరికం ఉంది. దాన్ని కలిపింది ఒక అల్లెతాడు, అంటే విల్లుకు బిగించే నారి.

కాగితం మీద ఒక వృత్తం గీసి, అందులో ఓ ముక్కను మాత్రమే చూడండి. వంపు తిరిగిన గీత విల్లు. దాని రెండు కొసలనూ కలిపే తిన్నని గీత నారి. నారి నడిమి నుంచి వంపు దాకా వెళ్లే చిన్న గీత బాణం. మన పాత గణితజ్ఞులు పేర్లు అచ్చంగా అలాగే పెట్టారు: చాపం, జ్యా, శరం. తొమ్మిదో తరగతి తెలుగు మాధ్యమం లెక్కల పుస్తకంలో చాపం, జ్యా ఇప్పటికీ ఉన్నాయి. పురాణ కాలక్షేపంలో రాముడి చాపం, అర్జునుడి జ్యానాదం విన్న చెవికి ఆ రెండూ కొత్త మాటలు కావు. విడ్డూరమేమిటంటే యూరప్ వాళ్లు కూడా ఇలాగే ఆలోచించారు. ఇంగ్లిష్ ఆర్క్‌కు మూలమైన లాటిన్ మాటకు విల్లు అని అర్థం. కార్డ్‌కు మూలమైన గ్రీకు మాటకు పేగుతో చేసిన తంతి అని అర్థం. బాణాన్ని అక్కడా బాణమనే అన్నారు, సాజిటా అని.

499లో ఆర్యభటీయం రాసిన ఆర్యభటుడికి మొత్తం నారితో పని పడలేదు. గ్రహాల లెక్కకు సగం నారి చాలు. అందుకే అర్ధజ్యా అన్నాడు. వాడగా వాడగా ముందున్న అర్ధ జారిపోయి ఉత్త జ్యా మిగిలింది. వృత్తం చుట్టుకొలతను 21,600 నిమిషాలుగా తీసుకుంటే వ్యాసార్థం దాదాపు 3,438 నిమిషాలు వస్తుంది. ఆ కొలతతో 3 డిగ్రీల 45 నిమిషాలకు ఒకటి చొప్పున లంబకోణం దాకా 24 జ్యాలు. మొదటిది 225. ఒక్కో జ్యాకూ దాని ముందుదానికీ ఉన్న తేడాలన్నిటినీ అక్షర సంకేతాలుగా మార్చి ఆయన ఒకే శ్లోకంలో ఇమిడ్చాడు. ఇవాళ్టి పిల్లలు వల్లె వేస్తున్న సైన్ పట్టికకు పూర్వరూపం అదే.

జ్యాకే జీవా అని మరో పేరుండేది. 8వ శతాబ్దంలో భారతీయ ఖగోళ గ్రంథాలు బాగ్దాద్ చేరినప్పుడు అరబ్బు పండితులు ఆ పేరును తర్జుమా చేయకుండా జీబా అని విన్నది విన్నట్టు రాసుకున్నారు. అరబ్బీ రాతలో హ్రస్వ అచ్చులు రాయరు. కాగితం మీద పడేవి జీమ్, యా, బా అనే మూడు అక్షరాలు. అవే మూడక్షరాలను జైబ్ అని కూడా చదవొచ్చు. జీబాకు అరబ్బీలో అర్థం లేదు. జైబ్‌కు ఉంది: రొమ్ము మీద బట్ట మడత, ఆ మడతలో ఏర్పడే సంచి. అర్థం లేనిదాన్ని వదిలి అర్థం ఉన్నదాన్నే చదివారు. 12వ శతాబ్దంలో అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి దించిన అనువాదకులు జైబ్‌కు సరిపోయే మాట కోసం చూసి సైనస్ అని రాశారు. బట్ట మడతకు, ఒడికి, భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రానికి లాటిన్‌లో అదే మాట. దాని చివర కత్తిరిస్తే సైన్. శరీరశాస్త్రంలో ముఖం ఎముకల నడుమ ఉండే గాలి గదులకూ ఆ పేరే పెట్టారు. నానమ్మ తలనొప్పి అక్కడిది. జైబ్ మాత్రం పారశీ, ఉర్దూల మీదుగా నడిచి వచ్చి తెలుగులో జేబు అయింది, దాని వెంట జేబుదొంగా వచ్చాడు.

పొరపాటున చదివిన ఒక మాట తొమ్మిది వందల ఏళ్లుగా ప్రపంచమంతటా గణితాన్ని మోస్తోంది. దిద్దాలని ఎవరూ అనుకోలేదు. మాటలు అలాగే బతుకుతాయి.

కాస్ సంగతీ ఇదే దారి. దాని సంస్కృత నామం కోటిజ్యా. కోటి అంటే వింటి కొస. ఏ వస్తువుకైనా చిట్టచివర, శిఖరం అన్న అర్థం నుంచే నూరు లక్షలకు కోటి అన్న పేరొచ్చింది. హైదరాబాద్ కోఠీకి మాత్రం దీనితో సంబంధం లేదు. అది భవంతి అనే అర్థమున్న హిందూస్తానీ మాట.

ధాతువు అనే మాటకే ఎన్ని ముఖాలో

మాటలకు పుట్టుక చెప్పేటప్పుడు వ్యాకరణం ధాతువు అంటుంది. ఆ ధాతువునే పట్టుకుని చూస్తే ఒక శాస్త్రం నుంచి ఇంకో శాస్త్రానికి దూకుతూ పోతుంది. వైయాకరణికి ధాతువు క్రియకు మూలరూపం. ఆయుర్వేద వైద్యుడికి రసం, రక్తం, మాంసం మొదలు శుక్రం దాకా శరీరాన్ని నిలబెట్టే సప్తధాతువులు. ధాతుపుష్టి అని బస్టాండు గోడల మీద కనిపించే లేహ్యం ప్రకటన అక్కడి నుంచి దిగింది. పదో తరగతి రసాయనశాస్త్రంలో లోహం తీసే రాయి ధాతువు. బౌద్ధులకు బుద్ధుడి అస్థికలు ధాతువులు. గుంటూరు ప్రాంతపు భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన పేటికలు అలాంటి ధాతువులను దాచిపెట్టినవే. ధాతువును గర్భంలో దాచుకున్న కట్టడం ధాతుగర్భం. ఆ మాటే అరిగి సింహళంలో దాగబ అయింది.

ఇన్నిటి అడుగునా ఉన్నది ధా, ఉంచు అనే క్రియ. భాషలో ఉంచినది, ఒంట్లో ఉంచినది, భూమిలో ఉంచినది, స్తూపంలో ఉంచినది. నిధి, విధి, సంధి, విధానం, సమాధానం అన్నీ దాని పిల్లలే. గ్రీకులో దానికి అన్నదమ్ముల వరస అయ్యే క్రియ నుంచి థీసిస్, హైపోథీసిస్, సింథటిక్ పుట్టాయి. అంటే పెళ్లికి పెట్టిన సింథటిక్ చీరకూ, ఆరో తరగతిలో నేర్చిన గుణసంధికీ దూరపు బంధుత్వం ఉన్నట్టే.

ముల్లంగి నుంచి మూలకం దాకా

ఇంగ్లిష్‌లో ముల్లంగి ర్యాడిష్. లాటిన్‌లో ర్యాడిక్స్ అంటే వేరు, దాని నుంచే ఆ పేరు. వర్గమూలం గుర్తు √ ను లెక్కల్లో ర్యాడికల్ అంటారు, అదీ ర్యాడిక్స్ బిడ్డే. 1525లో జర్మన్ గణితజ్ఞుడు క్రిస్టాఫ్ రుడోల్ఫ్ తన బీజగణిత గ్రంథంలో దాన్ని అచ్చులోకి తెచ్చాడు. మొలకెత్తే గింజ నుంచి మొట్టమొదట తొంగిచూసే తెల్లని మొన ర్యాడికల్‌కు చెల్లెలు, ర్యాడికిల్. 1780ల్లో ఫ్రెంచి రసాయనజ్ఞులు ఆమ్లానికి మూలమైన భాగాన్ని ర్యాడికల్ అన్నారు. 1900లో మోజెస్ గోంబర్గ్ మిషిగన్‌లో దేనితోనూ జతకట్టని ఒంటరి ర్యాడికల్‌ను పట్టుకున్నాడు. ఇవాళ టీవీలో గ్రీన్ టీ అమ్మేవాళ్లు భయపెట్టే ఫ్రీ ర్యాడికల్స్ ఆ కోవవే. సమాజాన్ని వేళ్లతో సహా మార్చాలనేవాడూ ర్యాడికలే.

మన వైపు చూస్తే అదే కథ మూలంతో నడిచింది. మూలం అంటే వేరు. ఆర్యభటుడి గ్రంథంలోనే వర్గమూలం తీసే పద్ధతి ఉంది, ఆ పేరుతోనే. అరబ్బు గణితజ్ఞులూ తమ భాషలో వేరు అనే అర్థమున్న జిధ్ర్‌నే వాడారు. వేరును మందుగా ఇస్తే మూలిక. పెట్టుబడి మూలధనం. గుడిలో కదలకుండా నిలిచిన స్వామి మూలవిరాట్టు. ఆసుపత్రిలో మూలకణాలు. వేళ్లతో పీకేస్తే నిర్మూలన, ఇంగ్లిష్‌లో ఎరాడికేషన్. ఆ రెండు మాటలనూ విడదీసి చూడండి: అక్కడా వేరు, ఇక్కడా వేరు. 1980 మేలో మశూచి నిర్మూలన జరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినప్పుడు ఏ భాషలో విన్నా వేరు పెకలించిన చప్పుడే వినిపించింది.

ఇక మూలకం. తెలుగు విద్యార్థికి అది ఆవర్తన పట్టికలోని 118 గదుల్లో ఒకటి. సంస్కృతంలో మూలకం అంటే ముల్లంగి. హిందీ మూలీ దాని నుంచి వచ్చిందే. వేరే గడ్డల్ని వదిలి ఒక్క ముల్లంగికే వేరు అన్న పేరు పెట్టడం రోములోనూ జరిగింది, ఇక్కడా జరిగింది. ఆ వేరు మాటనే రెండుచోట్లా రసాయనశాస్త్రం అరువు తెచ్చుకుంది.

యూరియా బస్తా మీద లావోసియే

రసాయనశాస్త్రంలో తెలుగు పదాలు జనానికి దూరమని అనేవాళ్లు ఒక్కసారి ఎరువుల దుకాణం ముందు నిలబడాలి. నత్రజని ఎక్కువేశావు, అందుకే పైరు ఏపుగా పెరిగి పడిపోయింది, పురుగు పట్టింది అని రైతు రైతుకు చెబుతాడు. యూరియాలో నత్రజని 46 శాతమని బడికి వెళ్లని రైతుకూ తెలుసు. బడిలో మాత్రం పిల్లలకు నైట్రోజన్ అలవాటు చేసి నత్రజనిని మరిపించాం. పొలంలో బతికిన మాట తరగతి గదిలో పలచబడింది, ఇది అన్యాయం.

జని అంటే పుట్టించేది. హైడ్రోజన్‌లోని జన్ కూడా పుట్టించేదే. ఇది తర్జుమా మాత్రమే కాదు. గ్రీకు జన్, సంస్కృత జన్ రెండూ ఒకే పాత ధాతువు నుంచి చీలినవి. జనం, జన్మ, జాతి, జనరేటర్, జన్యువు, జీన్ అన్నీ అక్కడివే. 1909లో డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ యోహాన్సెన్ జీన్ అనే పేరు పెట్టాడు. తెలుగులో దానికి జన్యువు అన్న మాట చేసుకున్నప్పుడు అది పరాయి మాటకు తొడిగిన వేషం కాలేదు, తోబుట్టువు పక్కన తోబుట్టువే నిలబడింది.

ఉదజనిలో ఇది ఇంకా అందంగా కనిపిస్తుంది. మండితే నీటినిచ్చే వాయువు కాబట్టి 1780ల్లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు లావోసియే బృందం గ్రీకు హుడోర్, నీరు, ముందుపెట్టి హైడ్రోజన్ అంది. తెలుగులో ఉదజని అన్నారు. హుడోర్, ఉద, ఉదకం, ఇంగ్లిష్ వాటర్, రష్యన్ వోడ్కా ఒకే నీటి బొట్లు. సముద్రంలోనూ ఆ ఉదమే ఉంది. ముందు భాగానికి ముందు భాగం, వెనక భాగానికి వెనక భాగం చుట్టాలైన మాటలు ఇంత చక్కగా దొరకడం అరుదు.

ఆమ్లజనిది విషాదం. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని లావోసియే నమ్మాడు, ఆమ్లాన్ని పుట్టించేదని పేరు పెట్టాడు. ఉప్పు నుంచి తీసే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనేలేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. అప్పటికే పేరు పాతుకుపోయింది. మనవాళ్లు ఆ తప్పును కూడా నమ్మకంగా అనువదించుకున్నారు. జనం నోట మాత్రం ప్రాణవాయువే నిలిచింది. 2021 వేసవిలో, కోవిడ్ వేళ, సిలిండర్ల కోసం వరసల్లో నిలబడ్డవాళ్లు వెతుక్కున్నది ప్రాణాన్నే.

భాస్వరం చెప్పకుండా ఎరువుల దుకాణం వదిలిపెట్టలేం. 1669లో హాంబర్గ్‌లో హెనిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం చేయాలని మూత్రాన్ని మరిగించి మరిగించి చివరికి చీకట్లో వెలిగే పదార్థం సంపాదించాడు. వెలుగును మోసేది అని గ్రీకులో దానికి ఫాస్ఫరస్ పేరొచ్చింది. భాస్వరం అంటే ప్రకాశించేది. ఫాస్, భా రెండూ ఒకే ధాతువు. భాస్కరుడు, ప్రభాతం, కనుమ నాడు కోనసీమ కొబ్బరి తోటల మధ్య భుజాల మీద ఊరేగే ప్రభలు ఆ వెలుగువే. ఫాస్ఫరస్‌లోని రెండో సగానికి మోయడమని అర్థం, మన భారం, భరించడం, భర్త దాని బంధువులు.

గుండెలో చెవులు, పొట్టలు

గుండెలో పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. ఇవి పిల్లలకు ఎందుకు గుర్తుండవంటే అవేమిటో ఎవరూ చెప్పరు. కర్ణం చెవి, కర్ణిక చిట్టిచెవి. జఠరం పొట్ట, జఠరిక చిట్టిపొట్ట. పై గదుల మీద చెవి తమ్మెలా వేలాడే ముడత చూసి లాటిన్‌లో ఆరికిల్, చిట్టిచెవి అన్నారు. కిందివి చిట్టిపొట్టలు కాబట్టి వెంట్రికిల్. ఇంత తేలికైన బొమ్మను పాఠ్యపుస్తకం దాచిపెట్టి, తెలుగు మాట పక్కన ఇంగ్లిష్ మాట పెట్టి ఊరుకుంటుంది. పిల్లవాడు తెలియని రెండు మాటలు బట్టీ పడతాడు.

గ్రహం విషయంలో అసలు ఇంగ్లిష్ అవసరమే లేదు. గ్రహ్ అంటే పట్టుకొను. మనిషిని పట్టి ఆడిస్తాయన్న నమ్మకంతో గ్రహాలు. రాహువు పట్టుకుంటే గ్రహణం. అది భూమి నీడ, చంద్రుడి నీడ చేసే పని అని ఆర్యభటుడు చెప్పాకా పేరు మారలేదు. మనసుతో పట్టుకుంటే గ్రహించడం, చెయ్యి పట్టుకుంటే పాణిగ్రహణం, మనసును అదుపులో పట్టుకుంటే నిగ్రహం. ఆగ్రహం, అనుగ్రహం, విగ్రహం, సంగ్రహం ఉపసర్గల వెంట తలో దారి పోయాయి. 1975 ఏప్రిల్ 19న ఆకాశానికెక్కిన మన తొలి ఉపగ్రహం పేరు ఆర్యభట కావడం ఎంతో ఉచితం. కంటిలో వెలుగును పట్టే కణాలు కాంతి గ్రాహకాలు. రాయి నుంచి లోహాన్ని పట్టి తీసే విద్య లోహ సంగ్రహణం.

బాష్పీభవనం విని బెదిరే పిల్లలకు ఆనందబాష్పాలు తెలుసు. సంస్కృతంలో బాష్పం కన్నీరూ అవుతుంది, ఆవిరీ అవుతుంది. రెండూ వేడి పుట్టిస్తే పైకి వచ్చే తడే కదా. పోలీసులు ప్రయోగించారని పేపర్లో చదివే బాష్పవాయువు మొదటి అర్థాన్ని పట్టుకుంది. అందులో విరివిగా వాడే సీఎస్ అనే రసాయనం నిజానికి వాయువు కాదు, గాలిలో చల్లే సన్నని పొడి.

వేరు వేఱు

పోలిక కనపడ్డ ప్రతిచోటా బంధుత్వం కలిపేస్తే చిక్కు. గది మూలకూ వర్గమూలానికీ చుట్టరికం లేదు. మొదటిది తమిళ మూలైకి తోడబుట్టిన ద్రావిడ మాట. ఎముకలోని మూలుగా అంతే. తెలుగులో ఇంకా తమాషా ఉంది. చెట్టు వేరు, వేరు కాపురం అన్నప్పటి వేరు ఇవాళ ఒక్కలాగే రాస్తున్నాం. పాతవాళ్లు చెట్టుదాన్ని మామూలు ర తోనూ, విడిపోయినదాన్ని బండి ఱ తోనూ రాసేవారు: వేరు, వేఱు. రెండూ రెండు వేర్వేరు ధాతువులని ఆ ఒక్క అక్షరం సాక్ష్యం చెప్పేది. బండి ఱను వదిలేసినప్పుడు సాక్షినీ వదిలేశాం.

తెలుగుకు సొంత ధాతువులున్నాయని శాస్త్రీయంగా నిలబెట్టింది 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వ్యాసంలో ఆయన తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని చూపాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ పుస్తకానికి నలభై ఏళ్ల ముందు సంగతి అది. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువుల మీద గ్రంథం అచ్చువేశారు. మరుసటేడు ఆయన సంపాదకత్వంలోనే మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, రైతుల మాటలతో వెలువడింది.

ఆ సంపద శాస్త్ర పాఠాల్లోకి రాలేదన్నది నిజం. ఇడ్లీ పిండి ఇంట్లో పులుస్తుంది, బడిలో కిణ్వనం చెందుతుంది. పులియడం, పులుపు, పులుసు, పులిహోర అన్నీ ఒక ధాతువువే. ఆమ్లానికీ పులవడానికీ ఉన్న సంబంధం ఆ వరసలోనే దాగి ఉంది, చెప్పేవాళ్లుంటే సగం పాఠం పూర్తయినట్టే. చెట్టు మొదలు, పని మొదలు, మొదటి తరగతి, మొదటికే మోసం అనే నానుడి కూడా ఇలాగే ఒక తెలుగు ధాతువు చుట్టూ అల్లుకున్నాయి. మూలం చేసే పనంతా మొదలు కూడా చేయగలదు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల కోసం వేల పదాలు సిద్ధం చేసింది, చాలావరకు సంస్కృతం నుంచి. సంస్కృతం తెలిసిన మాటే కాబట్టి అందులో తప్పు లేదు. పులియడం లాంటివాటికి పక్కన చోటివ్వకపోవడమే లోటు.

కొత్త మాటలు ఇప్పటికీ పుడుతున్నాయి. రోజూ పేపర్లో కనిపించే కృత్రిమ మేధ వాటిలో తాజాది. చేయడం అనే ధాతువు నుంచి వచ్చిన కృత్రిమానికి మొదట చేసినది అనే అర్థం. తర్వాతే అది కృత్రిమ నవ్వు, కృత్రిమ కొరత వైపు జారింది. ఇంగ్లిష్ ఆర్టిఫిషియల్ కూడా నేర్పుతో చేసినదన్న అర్థం నుంచి బూటకం దాకా అదే దారిన నడిచింది. ఇక మేధ. పార్సీలు కొలిచే అహుర మజ్దాలోని మజ్దా, మన మేధ ఒకే మాటకు రెండు రూపాలని భాషాశాస్త్రవేత్తలు అంటారు. 1909లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ తన కరెంటు బల్బులకు ఆ వెలుగుల దేవుడి పేరే పెట్టుకుంది. మేధ అనే మాటను విప్పితే మనసును ఒకచోట ఉంచడం అని వస్తుంది. చివర ఉన్నది ధా, ధాతువులో ఉన్న ధా.